గట్టు తెలిసినవాణ్ణి అడగండి

పోయినవారం ఆఫీసులో ఒక పొలం విస్తీర్ణం సున్నా అని వచ్చింది. నాలుగు మూలలూ ఉన్నాయి, గీత మొదలైన చోటే ముగిసింది. అయినా సున్నా!

తీరా చూస్తే రెండు మూలల వరుస తారుమారైంది. గట్టు వెంబడి తిరగాల్సిన గీత పొలం మధ్యలోంచి అడ్డంగా పోయి, పాలిగాన్ డమరుకంలా తయారైంది. ఒక త్రికోణం సవ్యంగా, రెండోది అపసవ్యంగా తిరుగుతాయి కాబట్టి విస్తీర్ణం కట్టే సూత్రం ఒకదాన్ని కూడి ఇంకోదాన్ని తీసేస్తుంది. రెండూ సమానమైతే మిగిలేది సున్నాయే.

ఇలాంటప్పుడు మావాళ్ళు చెప్పే చిట్కా ఒకటుంది: "సున్నా బఫర్ కొట్టెయ్, సరిపోతుంది." ఎర్రర్ పోతుంది, నిజమే. దాంతోపాటు ఒక త్రికోణమూ పోతుంది. పొలం దీర్ఘచతురస్రమైతే మిగిలేది పావు వంతు. పోస్ట్‌జిస్‌లో 'మేక్‌వ్యాలిడ్' నయం, రెండు త్రికోణాలూ ఉంచుతుంది. కానీ అదీ సగం పొలమే! చెల్లుబాటయ్యే ఆకారం వేరు, సరైన ఆకారం వేరు.

నేనుంటున్న ఈ ఐర్లాండులో 1824లో ఆర్డ్‌నెన్స్ సర్వే మొదలైంది. అరవై వేలకు పైగా ఉన్న టౌన్‌లాండ్‌ల హద్దులు తేల్చే పని రిచర్డ్ గ్రిఫిత్‌కి అప్పజెప్పారు. ఆయన మనుషులు హద్దుల్ని ఊహించి గీయలేదు. 'మియర్స్‌మన్' అని ఆ ఊరి హద్దులు తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, అతను చూపించినచోట నడిచారు. మా ఊళ్ళో గట్టు తగాదా వస్తే ముందు తలారిని పిలిచేవాళ్ళు, అలాగన్నమాట.

నా అభిప్రాయం ఒక్కటే. పాలిగాన్ తప్పుగా ఉంటే ప్రోగ్రామ్ దాన్ని గుట్టుగా బాగుచేయకూడదు. గీత ఎక్కడ తనని తాను దాటుతోందో 'ఈజ్‌వ్యాలిడ్‌రీజన్' చెబుతుంది. ఆ చోటు గుర్తుపెట్టి, డేటా ఇచ్చినవాళ్ళకే తిప్పి పంపాలి. "లక్ష రికార్డులుంటే కుదురుతుందా?" అంటారు. లక్షా తప్పు కావు కదా! తప్పులు వందల్లో ఉంటే అప్పుడు అడగాల్సింది ఇంకా ఎక్కువ.

నేను పంపాను. మర్నాడు జవాబొచ్చింది: టైపు చేసేటప్పుడు రెండో మూల, మూడో మూల అటూ ఇటూ అయ్యాయట. టైపింగ్ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, వేళ్ళు చేసే మోసం నాకూ తెలుసు. సరిచేశాక పొలం మొత్తం వచ్చింది. బఫర్ కొట్టి ఉంటే ముప్పావు వంతు ఎటుపోయిందో ఎవరికీ తెలిసేది కాదు.