బాయిలో నిషేధం, ఇంట్లో నిక్షేపం

గోదావరిఖనిలో సింగరేణి భూగర్భ గనిలోకి దిగే కార్మికుడి జేబులో బీడీకట్ట, అగ్గిపెట్టె ఉండకూడదు. బొగ్గు పొరల్లోంచి మీథేన్ ఊరుతుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే దిగే ముందే జేబులు తడిమి చూస్తారు. కొందరు బాయిలో, అంటే గనిలో ఉన్నంతసేపూ జర్దాతో సరిపెట్టుకుని, షిఫ్టు దిగి పైకి రాగానే బీడీ ముట్టిస్తారు. క్వార్టర్‌లో జేబులు తడిమేవారెవరూ లేరు. 2008 అక్టోబరు 2న దేశమంతటా అమల్లోకి వచ్చిన పొగతాగడంపై నిషేధం కూడా బహిరంగ ప్రదేశాలకే గానీ ఇంటి గడప దాటి లోపలికి రాదు. 2016-17 జాతీయ సర్వేలో 38.7 శాతం పెద్దలు ఇంట్లోనే పక్కవారి పొగ పీలుస్తున్నారని తేలింది.

సెలవులకు పిల్లల్ని పొగతాగే తాతయ్య దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు ఆయన్ని వాకిట్లో కాల్చుకోమంటారు. అంతటితో సరిపోదు. నికోటిన్ చొక్కాకు, వేళ్లకు అంటుకుని ఆయనతోపాటే ఇంట్లోకి వస్తుంది. అంతకుముందు ఏళ్ల తరబడి గదిలో కాల్చినదైతే గోడల్లో, పరుపుల్లో, బొంతల్లో ఇంకిపోయి, మెల్లగా మళ్లీ గాలిలో కలుస్తూ ఉంటుంది. నేల మీద పాకుతూ, చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే పసివాళ్లకు దీని తాకిడి ఎక్కువ.

అమెరికా వైద్యుడు జొనాథన్ వినికాఫ్ బృందం 2009లో దీన్ని 'థర్డ్‌హ్యాండ్ స్మోక్' పేరుతో చర్చకు తెచ్చింది. మరుసటి ఏడాది లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల ఇంకో సంగతి బయటపెట్టింది. అంటుకున్న నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిస్తే క్యాన్సర్ కారక నైట్రోసమైన్లు పుడతాయి. ఆ ఆమ్లం గ్యాస్ పొయ్యి నుంచీ వస్తుంది, వాహనాల పొగ నుంచీ వస్తుంది. అంటే పొగ అంటుకుని ఉండి, కిటికీలు మూసి గ్యాస్ పొయ్యి మీద వంట చేసే ఏ ఇల్లూ దీనికి మినహాయింపు కాదు. ఇలా అంటిన మడ్డి వల్ల ఎందరికి ఏ జబ్బు వస్తోందన్న లెక్క ఇంకా తేలలేదు. ఆ లెక్క తేలేదాకా పసిపిల్లల్ని ఆ బొంతల మీదే పడుకోబెట్టాలా?

శాన్ డియేగోలో జార్జ్ మాట్ బృందం పొగతాగేవారు ఖాళీ చేసిన ఇళ్లను పరిశీలించింది. శుభ్రం చేసి, రెండు నెలలు ఖాళీగా ఉంచినా దుమ్ములో నికోటిన్ పోలేదు. కొత్తగా దిగిన, పొగ అలవాటు లేనివారి వేళ్ల మీదా అది కనిపించింది. ఒకరు రిటైరై వెళ్తే మరొకరు దిగే సింగరేణి క్వార్టర్లకూ, మనం అద్దెకు తీసుకునే అపార్ట్‌మెంట్లకూ ఈ ముచ్చట వర్తిస్తుంది. సున్నం కొట్టినా, అగరొత్తులు వెలిగించినా వాసన మరుగున పడుతుందంతే.

నిప్పు తగలని పొగాకుదీ ఇలాంటి కథే. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీ కార్మికులైన ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో పొగాకు చుట్టి దారం కడతారు. ఆ దుమ్ము చేతులకు, చీరకు, పక్కనే పడుకున్న పిల్లల బట్టలకూ అంటుతుంది. వాళ్లకది బతుకుదెరువు, మానేయమనడం తేలిక కాదు. చాటను వంటగదికి, పిల్లల పక్కలకు దూరంగా ఉంచుకోవడం మాత్రం చేతిలో పనే.

ఈసారి ఊరెళ్లినప్పుడు పాత పరుపులు, కర్టెన్లు మార్పించండి. గోడలు, తలుపులు సబ్బునీళ్లతో కడిగించండి. కాల్చి వచ్చిన తాతయ్య చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే మనవణ్ని ఎత్తుకోవాలి. పూర్తిగా మానాలనుకుంటే కేంద్ర ఆరోగ్యశాఖ ఉచిత నంబరు 1800-11-2356 ఉంది.