రజ్జువు తెలిసినా ఆగని కంపం

ఏళ్ల తరబడి నడుము నొప్పితో బాధపడుతున్నవారికి ఆధ్యాత్మికులు తరచుగా ఇచ్చే సమాధానాలు రెండు. "అది ప్రారబ్ధం, అనుభవించక తప్పదు" అన్నది మొదటిది. "నీవు దేహం కావు, నొప్పి మిథ్య" అన్నది రెండవది. రెండూ శాస్త్రసమ్మతంగానే వినిపిస్తాయి. బాధితుని విషయంలో రెండూ ఉపేక్షగానే పరిణమిస్తాయి. మానసిక చికిత్సను వైద్యుడు సూచించినప్పుడు "నా నొప్పి అబద్ధమంటారా?" అని అతడు నొచ్చుకోవడానికి కూడా ఇటువంటి మాటలే కారణం.

వేదనకు మనస్సు, ఇంద్రియసహితమైన దేహం రెండూ అధిష్ఠానాలని చరకసంహిత శారీరస్థానం చెబుతోంది. అదే గ్రంథం సూత్రస్థానంలో దైవవ్యపాశ్రయ, యుక్తివ్యపాశ్రయాలతో పాటు సత్త్వావజయాన్ని, అనగా అహిత విషయాల నుండి మనస్సును మరల్చడాన్ని, చికిత్సగా పరిగణించింది. మనస్సుకు చికిత్స చేయడమంటే నొప్పిని కాదనడం కాదు.

మూడు మాసాలకు మించి నిలిచే నొప్పిని నేటి వైద్యం దీర్ఘకాలిక వేదన అంటుంది. కొందరిలో గాయం మానినా నాడీవ్యవస్థ అపాయ సూచనను ఆపదు. రజ్జువును రజ్జువుగా తెలుసుకున్న తరువాత కూడా సర్పభయం వలన కలిగిన కంపం మెల్లమెల్లగానే శమిస్తుందని విద్యారణ్యస్వామి పంచదశిలో చెప్పారు. సర్పం లేదు, కంపం మాత్రం అనుభవసిద్ధం. దానిని హేళన చేయడం వేదాంతం కాదు.

ఆ కంపాన్ని శమింపజేసే అభ్యాసాలే ఈ చికిత్సలు. కదిలితే హాని కలుగుతుందనే భయాన్ని విచారించడం, విశ్రాంతిని పాటిస్తూ చలనాన్ని కొద్దికొద్దిగా పెంచడం, నొప్పితో పెనుగులాడక దానిని గమనించడం వీటిలోని అంశాలు. బౌద్ధధ్యానం, హఠయోగం ఆధారంగా జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఆరంభించిన శిక్షణకు తొలినాళ్లలో వచ్చినవారిలో దీర్ఘవేదనా పీడితులు ఉన్నారు. ఇవి నొప్పిని సమూలంగా తొలగించవు. అయితే దాని దాస్యాన్ని పలువురిలో కొంత తగ్గిస్తాయి.

ప్రతీకారం కోరక, చింతావిలాపాలు లేక సహించడమే తితిక్ష అని వివేకచూడామణి చెప్పింది కదా అని కొందరు ఆక్షేపించవచ్చు. అది ముముక్షువు తనకు తాను విధించుకునే సాధన. పరుల శయ్య పక్కన నిలిచి శాసించవలసిన ధర్మం కాదు. పైగా చింతారహితమైన సహనం ఆజ్ఞతో రాదు, అభ్యాసంతో వస్తుంది. ఈ చికిత్సలు నేర్పేది ఆ అభ్యాసాన్నే.

కనుక మొదట వైద్యుడు దేహాన్ని పరీక్షించాలి. అవసరమైతే మానసిక చికిత్సకు సంకోచం లేకుండా వెళ్లాలి. జపం, అర్చన యథావిధిగా సాగాలి. భక్తులు బాధితునితో పలుకవలసిన తొలిమాట "నీ నొప్పి నిజం" అన్నదే. తత్త్వబోధకు అర్హత ఆ మాటతోనే కలుగుతుంది.