డబ్బా మీది హెచ్చరిక టికిరిలో ఎవరు చదవాలి?

భారత ఔషధ కంట్రోలర్ జనరల్ కార్యాలయానికి,
న్యూఢిల్లీ

క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదన్న మాటను సీసా మీదా, లోపలి కాగితం మీదా ముద్రించాలని 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ గెజిట్‌లో ప్రకటించింది. అంతకు ముందు 2023 డిసెంబరులోనే ఈ కార్యాలయం రాష్ట్రాలకు ఇదే సంగతి రాసింది. నిర్ణయం మంచిదే. కాకపోతే అది ఒక్క మిశ్రమానికి, ఒక్క వయసుకు, ఒక్క వాక్యానికి సరిపెట్టుకుంది. ఆ వాక్యం కూడా ఇంగ్లీషులో. ఒడిశాలో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులోని టికిరిలో మందు కొనేవాళ్లు ఒడియా, తెలుగు, కువి, దేశియా మాట్లాడతారు. తెలుగు ఇక్కడికి కొత్తగా వచ్చింది కాదు. చలికాలపు మంచు, ఇంటి పొయ్యి పొగ ఉన్న చోట రొంప, ముక్కు దిబ్బడ ఎవరికీ కొత్త కావు. కొత్తది హెచ్చరిక ఒక్కటే. అది చదవగలిగేవాళ్లు తక్కువ.

ముక్కు మూసుకుపోతే చీమిడి అడ్డం పడిందనుకుంటారు. అసలు అడ్డం చాలావరకు ముక్కు లోపలి కండలోని రక్తనాళాల ఉబ్బే. జలుబుకో, ధూళికో ఆ నాళాల్లోకి రక్తం ఎక్కువగా చేరి కండ లావెక్కుతుంది, గాలి దారి ఇరుకవుతుంది. దిబ్బడ మందు చేసే పని ఆ నాళాలను బిగించడం. జలుబును అది తగ్గించదు. జలుబు తన రోజులు తాను తీసుకుంటుంది. మందు ఆ నాలుగు రోజులూ ఊపిరి ఆడనిస్తుంది, అంతే.

ఈ మందులు రెండు దారుల్లో వస్తాయి. మొదటిది నోటితో మింగే బిళ్ల, సిరప్. జలుబు బిళ్లల్లో తరచుగా పారాసిటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ మూడూ కలిసి ఉంటాయి. మింగిన ఫినైలెఫ్రిన్‌లో పెద్ద భాగం పేగుల గోడలోనే, కాలేయంలోనే విరిగిపోతుంది, ముక్కు దాకా చేరేది కొంచెమే. 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ నిపుణుల సంఘం, మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పని చేయదని ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో ఆ సంస్థ దాన్ని దుకాణపు మందుల జాబితా నుంచి తీసేయాలని ప్రతిపాదించింది. హాని చేస్తుందని కాదు, పని చేయదని. మరి టికిరిలో కూలి డబ్బుతో కొనే బిళ్లకు ఆ లెక్క వర్తించదా? పైగా జ్వరానికని విడిగా పారాసిటమాల్ కూడా వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు పడుతుంది. క్లోర్‌ఫెనిరమిన్ నిద్ర తెస్తుంది. ఘాట్ రోడ్డు మీద లారీ తోలేవాడికి ఈ మాట చెప్పేదెవరు?

రెండో దారి ముక్కులో వేసే చుక్కలు, స్ప్రే. జైలోమెటాజొలిన్, ఆక్సిమెటాజొలిన్ ఈ కోవవి. ఇవి నిజంగా పని చేస్తాయి. కొద్ది నిమిషాల్లో దారి తెరుచుకుంటుంది, కొన్ని గంటలు తెరుచుకునే ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే, మందు ప్రభావం తగ్గగానే నాళాలు మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతాయి. రోగి జలుబు తిరగబెట్టిందనుకుని మళ్లీ చుక్క వేస్తాడు. ఆ చుక్కే ఇప్పుడు దిబ్బడకు కారణం. ఇలా నెలల తరబడి జేబులో సీసా లేనిదే నిద్రపట్టని స్థితి వస్తుంది. బయటపడే దారి మందు మానడమే. ముందు ఒక ముక్కుపుటంలో ఆపి, అది తెరుచుకున్నాక రెండోదానిలో ఆపడం ఒక పద్ధతి. డాక్టరు సలహాతో స్టెరాయిడ్ స్ప్రే కొన్నాళ్లు వాడటం మరొకటి.

సరిగ్గా వాడే తీరు కష్టమైనదేం కాదు. ముందు ముక్కు చీదాలి. తల వెనక్కి వంచి, పెద్దవాళ్లయితే 0.1 శాతం జైలోమెటాజొలిన్ రెండు మూడు చుక్కలు ఒక్కో పుటంలో వేసుకోవాలి. రోజుకు మూడుసార్లకు మించకూడదు. డ్రాపర్ కొన ముక్కుకు తగలకూడదు. ఒక సీసా ఒక మనిషికే. ఇంటిల్లిపాదీ ఒకే సీసా పంచుకుంటే జలుబునూ పంచుకున్నట్టే. మూత తీసిన సీసాను నాలుగు వారాలు దాటి ఉంచకూడదు. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 0.05 శాతం మందు, అదీ డాక్టరు చెబితేనే. అంతకంటే చిన్నపిల్లలకు ఉప్పునీటి చుక్కలే మేలు. అవి ఎన్నాళ్లు వాడినా దిబ్బడను తిరగబెట్టవు.

అదుపులో లేని బీపీ, గుండె జబ్బు, థైరాయిడ్ ఉద్ధృతి, కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా, ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ మందులు వాడకూడదు. ముక్కు నాళాలను బిగించేది మిగతా చోట్లా బిగించగలదు. మానసిక జబ్బులకిచ్చే ఎంఏఓ నిరోధక మందులు వాడేవాళ్లకైతే రక్తపోటు ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడిగే వాడాలి. సీసా పిల్లలకు అందకూడదు. ఒకటి రెండు మిల్లీలీటర్లు మింగినా పసిపిల్లలు మత్తులోకి జారి, గుండె వేగం పడిపోయి, ఆసుపత్రి పాలవుతారని 2012లోనే అమెరికా సంస్థ హెచ్చరించింది.

ఇందులో ఏదీ ఈ కార్యాలయానికి తెలియనిది కాదు. 2022 మే నాటి ముసాయిదాలో ఆక్సిమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ చుక్కలను చీటీ లేకుండా అమ్మే పదహారు మందుల్లో చేర్చి, ఐదు రోజులకు మించకూడదన్న షరతు పెట్టారు. ఆ ఐదు రోజుల మాట కొనేవాడి చెవిన ఎవరు వేస్తారన్నది ఆ షరతులో లేదు. వెయ్యి జనాభా మించని ఊళ్లలో లైసెన్సు లేకుండానే దగ్గు సిరప్‌లు, దిబ్బడ ఇన్‌హేలర్లు అమ్మడానికి ఔషధ నియమాల్లోని షెడ్యూల్ కె చాలాకాలం వీలిచ్చింది. కాశీపూర్ బ్లాకు కొండల్లో ఎక్కువ ఊళ్లు అలాంటివే. 2025లో చింద్వారాలో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాకే ఆ వెసులుబాటు మీద పునరాలోచన మొదలైంది. ఆ మందు పేరుకు ఫినైలెఫ్రిన్ ఉన్న జలుబు సిరప్. చంపింది మాత్రం అందులో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్, నమూనాలో 48.6 శాతం. మరో దిబ్బడ మందు ఫినైల్‌ప్రొపనోలమైన్ సంగతి ఇంకా పాతది. మెదడులో రక్తస్రావం ముప్పు చూసి 2000లో అమెరికా దాన్ని వదిలించుకోమంది. ఇక్కడ నిషేధం 2011 ఫిబ్రవరిలో వచ్చింది, అదే సెప్టెంబరులో కోర్టులో వీగిపోయింది.

ఇన్నేళ్ల అనుభవం తర్వాత కూడా హెచ్చరిక అంటే చీమతలంత అక్షరాల్లో ఒక ఇంగ్లీషు వాక్యమేనా? సిగరెట్ పెట్టెకు బొమ్మ దొరికింది, ముక్కు చుక్కల సీసాకు దొరకలేదా? ఐదు రోజులు అన్న మాటను ఒడియాలోనో, తెలుగులోనో, కనీసం ఐదు సూర్యుళ్ల బొమ్మగానో అచ్చువేయడానికి ఎన్ని సమావేశాలు కావాలి? చదవలేని హెచ్చరికను ముద్రించి, చదవనివాడిదే తప్పు అనడం ఎవరి సౌకర్యం? కార్యాలయం ఈ సంగతి పట్టించుకుంటుందనే ఆశ. పట్టించుకునేదాకా టికిరిలో ఆ పని ఆశా కార్యకర్తల మీదా, దుకాణదారు నోటి మాట మీదా నడుస్తుంది.

టికిరి, రాయగడ జిల్లా