వాగుకూ ఒక పహాణీ కావాలి

పహాణీలో పేరు లేని కౌలు రైతు పంట మునిగితే పరిహారం రాదు. పంట పోయింది నిజం, అప్పు మిగిలింది నిజం. అయినా కాగితంలో లేదు కనుక నష్టమే లేదంటారు. ఈ అన్యాయం మీద మనం ఏండ్లుగా కొట్లాడుతున్నాం. సరిగ్గా ఇదే అన్యాయం మన వాగులకూ జరుగుతోంది. ఏ వాగులో ఎన్ని రకాల చేపలున్నాయి, అడుగున ఎన్ని ఆల్చిప్పలు బతుకుతున్నాయి అనే లెక్క మన ఊళ్లలో ఏ దస్త్రంలోనూ కనపడదు. అందుకే అవి మాయమైనా ఎవరికీ ఏ నష్టమూ జరగనట్టే.

చేపల లెక్కతో రైతు సంఘానికి ఏం పని అని కొందరు సభ్యులు అడగవచ్చు. జవాబు ఎర్రగడ్డలోనే ఉంది. 1999లో రైతు బజార్లు వచ్చాయి. ఎర్రగడ్డ బజారులో మనవాళ్లు దళారీ లేకుండా కూరగాయలు అమ్ముకుంటున్నారు. ఆ దాపులనే, సనత్‌నగర్, ఫతేనగర్ వైపు, కూకట్‌పల్లి నాలా పారుతుంది. నాలా అని పేరు పడింది కానీ అదీ ఒకనాటి వాగే. ఫ్యాక్టరీల నీళ్లు, ఇండ్ల మురుగు మోసుకొని హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. సాగర్ అలుగు నీరు మూసీకి పోతుంది. మూసీ మీద కత్వలు, కాలువల కింద మన వరి, గడ్డి, ఆకుకూరలు పండుతున్నాయి. అంటే నగరం వదిలిన నీరే తిండిగా మారి నగరానికి తిరిగి వస్తోంది. "ఇవి ఏ నీళ్లతో పండినయి?" అని కొనేవాళ్లు అడిగితే తల దించుకోవాల్సింది రైతు కాదు. కానీ ఆ మాట రుజువు చేయడానికి మన చేతిలో లెక్క ఉండాలి.

లెక్క లేకపోతే ఏమవుతుందో నక్కవాగు రైతులను అడగండి. పటాన్‌చెరు చుట్టూ 1970ల నుంచి పరిశ్రమలు పెరిగాయి. వాగు రంగు మారింది, బావులు చెడ్డాయి, పొలాలు పడావు పడ్డాయి. డాక్టర్ అల్లాణి కిషన్ రావు వంటివారు రైతుల వెంట నిలిచారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. దశాబ్దాలు నడిచింది. ఎకరాల లెక్క ఉంది కాబట్టి కొందరు రైతులకు ఎంతో కొంత పరిహారం వచ్చింది. వాగులోని జెల్లకు, పరకకు, ఆల్చిప్పకు ఎవరు లెక్క కట్టారు? వాటి మీద బతికిన బెస్త కుటుంబాల నష్టం ఎవరు రాశారు? ఆ తర్వాత శుద్ధి చేశామన్న నీటిని పైపులో అంబర్‌పేటకు, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. ఒక వాగు బాధ తీర్చామన్నారు, ఇంకో నది నెత్తిన పెట్టారు.

శుద్ధి చేశామన్న ఆ నీటిలో ఏముందో 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఒక్క సిప్రోఫ్లాక్సాసిన్ మందే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. 2009లో అదే రకం నీటిని వెయ్యి పాళ్లలో రెండు పాళ్లు మాత్రమే కలిపి కప్ప పిల్లలను పెంచి చూశారు. వాటి ఎదుగుదల నలభై శాతం తగ్గింది. మన రైతులు ఇరవై ఏండ్లు మొత్తుకున్న మాటను చిన్న ప్రాణులు చెబితే ప్రపంచం విన్నది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, కాలుష్యాన్ని మనం సీసాలో పట్టి చూస్తున్నాం. రాత్రి వానలో విషం వదిలితే, అధికారి మర్నాడు మధ్యాహ్నం సీసా ముంచితే, ఆ నీరు అప్పటికే పది ఊళ్లు దాటి ఉంటుంది. రిపోర్టులో "పరిమితికి లోబడి ఉంది" అని వస్తుంది. ఆల్చిప్ప అట్లా కాదు. అది వాగు అడుగున ఒకేచోట ఏండ్ల తరబడి కూర్చుంటుంది. పగలూ రాత్రీ నీటిని పీల్చి, వడగట్టి, వదులుతుంది. సీసం, కాడ్మియం వంటివి దాని ఒంట్లో పేరుకుంటాయి. వాగుకు అది కావలి మనిషి. పోలండ్ రాజధాని వార్సాలో తాగునీటి కేంద్రంలో ఎనిమిది ఆల్చిప్పలను కాపలా పెట్టారు. నీరు చెడితే అవి మూసుకుంటాయి, వెంటనే హెచ్చరిక మోగుతుంది. అక్కడ అవి నౌకరీ చేస్తున్నాయి. ఇక్కడ వాటికి లెక్కే లేదు.

ఆల్చిప్ప బతుకు చేపతో ముడిపడి ఉంది. దాని పిల్లలు మొదట చేపల మొప్పలకో రెక్కలకో అంటుకొని కొన్నాళ్లు పెరిగి, తర్వాత ఊడి అడుగుకు చేరతాయి. చేప పోతే చిప్పకు సంతానం లేదు. అందుకే పెద్ద చిప్పలు కనపడితే చాలనుకోవద్దు. చిన్నవి కనపడకపోతే అది ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఊరులాంటిది. ఇయ్యాల నిండుగానే ఉంటుంది, పదేండ్లకు ఖాళీ అవుతుంది.

లెక్కించడం బ్రహ్మవిద్య కాదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు వెదురు చట్రం వాగు అడుగున పెట్టి, చేత్తో తడిమి, చిప్పలు లెక్కపెట్టి, కొలిచి, మళ్లీ అక్కడే వదలాలి. మొత్తం ఎన్నున్నాయో తేల్చడానికి ఇంకో ఉపాయం ఉంది. యాభై చిప్పలకు ఆకురాయితో చిన్న గాటు పెట్టి వదలండి. కొన్ని వారాల తర్వాత మళ్లీ యాభై తీయండి. వాటిలో పదింటికి గాటు ఉంటే, గాటు పెట్టినవి అయిదో వంతు అన్నమాట. అంటే ఆ జాగాలో సుమారు 250 ఉన్నట్టు. చేపలకైతే వంద మీటర్ల వాగుకు రెండు దిక్కులా వల కట్టి, మధ్యలో మూడుసార్లు వల లాగి, రకాలవారీగా రాసుకోవాలి. ఏ జాగాలో చూశామో మళ్లీ ఏడాది కూడా అదే జాగాలో, అదే కాలంలో చూడాలి. శాస్త్రం అంటే ఆ క్రమశిక్షణే.

మన నేలకు ఇది కొత్త పని కూడా కాదు. 1940లలో ఎం. రహీముల్లా హైదరాబాద్ సంస్థానంలో చేపల సర్వే చేసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చు వేయించారు. ఇప్పుడు ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచిత చేప పిల్లలు వదులుతోంది. వదిలిన పిల్లలకు లెక్క ఉంది, బిల్లు ఉంది. వాగులో తానుగా పుట్టిన చేపకు లెక్క లేదు. కొర్రమట్టను రాష్ట్ర చేప అన్నారు. దాని ఇల్లు ఎట్లుందో చూడాల్సిన బాధ్యత లేదా? 2017లో గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలితే లోకమంతా చూసింది. ఏడాదికి ఒక రకం చొప్పున చప్పుడు లేకుండా పోతే ఎవరు చూస్తారు?

కొందరికి ఒక భయం ఉంది. లెక్క తీస్తే మన పొలాల మందుల పాలు కూడా బయటపడుతుంది కదా అని. పడనివ్వండి. మన పాలు ఎంతో, ఫ్యాక్టరీ పాలు ఎంతో తేలితే నష్టపోయేది మనం కాదు. అన్నిటికీ రైతునే దోషిని చేసే నోళ్లు మూతపడేది అప్పుడే.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి కలిసి ప్రతి వాగు మీద, మూసీ కత్వల దగ్గర, ఎండకాలంలో ఒకసారి, వానలు వెనుకబట్టినాక ఒకసారి చేపలు, ఆల్చిప్పల లెక్క తీయాలి. ఆ పనిలో మత్స్యకార సంఘాల సభ్యులను, రైతులను కూలి ఇచ్చి పెట్టుకోవాలి. వాళ్లకు తెలిసిన రకాల పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకవు. లెక్కను తెలుగులో పంచాయతీ గోడ మీద పెట్టాలి. సంఖ్య పడిపోయిన చోట పై దిక్కున ఉన్న పరిశ్రమల తనిఖీ వెంటనే జరగాలి.

దీనికి కొత్త చట్టం అక్కర లేదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. వచ్చే గ్రామసభలో ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. వాగు పేజీ తెరవండి. అది ఖాళీగా ఉంటే, ఊళ్లోని పెద్ద బెస్తలను కూర్చోబెట్టి వాళ్లు చెప్పిన పేర్లతో మొదటి వరుస అక్కడే రాయించండి. రాసిన దానికే రేపు నష్టం అడగగలం.