తెల్ల చిట్టెలుకల పోషణము: సహకార ధర్మము

ఎలుక యనిన మాట వినినంతనే రైతునకు దయ కలుగదు, కోపము కలుగును. వరి పిలకలు కొఱికినది, గాదెకు కన్నము వేసినది, గోనెసంచులు చించినది అదియే గదా! అట్టి జాతిలోని జీవికి ఇంట చోటిచ్చి పోషింపవచ్చునని మేము వ్రాసినచో, మన వత్సవాయి ప్రాంతపు సభ్యులు నవ్వుదురేమో. అయినను ఇది నవ్వి విడువదగిన విషయము కాదు. కొంచె మోపికతో చదువవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.

మేము చెప్పబోవునది పొలమెలుకను గూర్చి కాదు, పందికొక్కును గూర్చియు కాదు. మనుష్యుడు తన ముచ్చట కొఱకు తరతరములుగా పెంచి మచ్చిక చేసిన చిట్టెలుకను గూర్చి. వీనిలో తెల్లనివి, నల్లనివి, మచ్చలు గలవియు నున్నవి. పట్టణములలోని పెంపుడు జంతువుల దుకాణములలో వీనిని అమ్ముదురు. పిల్లవాడు మారాము చేయును, తండ్రి జత కొనిపెట్టును. నెల తిరుగకమునుపే ఆ జత పది యగును. ముచ్చట తీరును, వాసన మొదలగును. అంతట పెద్దలు “తీసికొనిపోయి పొలములో వదలి రమ్ము” అందురు. ఇట్లు విడువబడిన వానిని, విడువబడబోవు వానిని చేరదీసి, వానికి స్థిరమైన యిల్లు దొరకువఱకు తమ యింట సాకుట కొందఱు దయగలవారు పట్టణములందు చేయుచున్న పని. ఈ పని పల్లెలోని రైతు కుటుంబమునకు తగునా, తగదా యనునదియే ప్రశ్న. తగును, కాని నియమముతో చేసిననే తగును, అని మా యభిప్రాయము.

మొదట నీ జీవి యెక్కడిదో తెలిసికొందము. జపానులో 1787వ సంవత్సరముననే రంగురంగుల చిట్టెలుకల పెంపకమును గూర్చి యొక పుస్తక మచ్చయినది. ఇంగ్లండులో 1895లో వీని పెంపకందారులు నేషనల్ మౌస్ క్లబ్ అను సంఘమును స్థాపించుకొనిరి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమందలి గ్రాన్బీ గ్రామమున అబీ లాత్రోప్ అను మహిళ 1900 ప్రాంతమున ముచ్చట కమ్ముటకై వీనిని పెంచసాగెను. ఆమె యింటి చిట్టెలుకలే పరిశోధనాలయములకు చేరి, నేటికిని వైద్యశాస్త్రమునకు పనికివచ్చుచున్న కొన్ని జాతులకు మూలమైనవి. మన యింట పిల్లవానికి జ్వరము వచ్చినపుడు తెచ్చు మందుల వెనుక ఈ చిన్న ప్రాణుల త్యాగ మెంతయో కలదు. అది వాని కోరికపై జరిగినది కాదు గనుక మన ఋణము మఱింత పెద్దది.

ఇక పొలములో విడుచుట దయయా? కానే కాదు. వందల తరములుగా పంజరములో పుట్టి పెరిగిన జీవికి కలుగు త్రవ్వుకొనుట, శత్రువును పసికట్టుట, మేత వెదకుకొనుట సరిగా చేతకావు. తెల్లని యొడలు చేనిలో దూరమునుండియే కనబడును. పగలు గ్రద్ద, రాత్రి గుడ్లగూబ, ఎప్పుడైనను పిల్లి, పాము. ఒకవేళ నేదైన బ్రతికినచో ఇంటి చిట్టెలుకతో కలిసి సంతతిని పెంచును; ఆ భారము పొరుగువాని గాదెపై పడును. మన బరువును పొరుగువాని గట్టుమీద దింపి చేతులు దులుపుకొనుట సహకారి లక్షణము కాదు. శాసనమును దీనిని ఒప్పుకొనదు. పెంచిన జంతువును తగిన కారణము లేక ఆకలిదప్పులకు గుఱి యగునట్లు విడిచిపెట్టుట, 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము నేరము. 2018లో వచ్చిన నిబంధనల ప్రకారము పెంపుడు జంతువుల దుకాణమును రాష్ట్ర జంతు సంక్షేమ మండలియందు నమోదు చేయించవలయును.

ఈ చిక్కునకెల్ల మూలము సంఖ్య. ఆడ చిట్టెలుక మూడు వారములు మోసి ఈనును. ఈతకు ఆరు మొదలు ఎనిమిది పిల్లలు. ఈనిన దినముననే మరల చూలు కట్టగలదు. ఆ పిల్లలు ఆఱు వారములకు తామే పిల్లలను కనుటకు సిద్ధమగును. ఈతకు ఆఱే యని లెక్కించినను, మూడు నెలలలో నాలుగీతలకు ఇరువదినాలుగు; ఆపై మొదటి యీతలోని ఆడుపిల్లల సంతానము వేఱు. సభ్యులారా, ఇది మన తాతలు షావుకారునకు చెల్లించిన చక్రవడ్డీ వంటిది కాదా? అసలు రెండే, వడ్డీపై వడ్డీ చేరి ఇల్లు నిండును. ఆ చక్రవడ్డీనుండి రైతును తప్పించుటకే గదా మనదేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది! అప్పునకు మందు ఏదియో దీనికిని అదియే: తొలుత పెరుగుదలను ఆపవలయును, పిమ్మట భారమును పంచుకొనవలయును.

పెరుగుదలను ఆపుట యనగా మగవానిని, ఆడువానిని మొదటి దినముననే వేఱు చేయుట. పిల్లలను మూడు వారములకు పాలు మాన్పించి, నాలుగవ వారము దాటకముందే విడదీయవలయును. ఆడువి రెండు మూడు కలిసి యుండగలవు. ఒంటరితనము వానికి సరిపడదు. మగవి పోట్లాడుకొనును గాన విడివిడిగా నుంచుట మేలు. భారమును పంచుకొనుట యనగా, ఒక్కరిపై ఇరువది పడినచో ఆ దయాళువు నలిగిపోవును. పది యిండ్లవారు రెండేసి తీసికొనినచో ఎవ్వరికిని బరువు తెలియదు. ఒక చిట్టెలుక దినమునకు తినునది నాలుగైదు గ్రాములు. రెంటికి సంవత్సరమంతయు కలిపినను నాలుగు కిలోల గింజలకు మించదు. ఏ దినమున ఎన్ని వచ్చినవి, ఆడువి యెన్ని, మగవి యెన్ని, ఎవరికిచ్చితిమి అను లెక్క సంఘపు ఖాతావలె ఒక పుస్తకమున వ్రాసికొనవలయును. లెక్కలేని దయ నిలువదు.

మన మెట్టప్రాంతమున ప్రత్యేకముగా జాగ్రత్తపడవలసిన సంగతులు కొన్ని కలవు. మొదటిది మిరప. కళ్ళములో కాయ ఎండుచున్న దినములలో ఆ ఘాటునకు మనమే దగ్గుదుము. ఈ జీవుల ఊపిరితిత్తులు మిక్కిలి సున్నితములు. మిరప నిలువచేసిన గదిలో పంజర ముంచరాదు. రెండవది ఎండ. మన వేసవికి ఇవి తాళలేవు. రేకుల కప్పు క్రింద కాక, చల్లని గదిలో గాలి తగులు చోట నుంచి, దాగుకొనుటకు చిన్న మట్టికుండను బోర్లించి, అంచున ద్వారము వంటి కంత చేయవలయును. మట్టి చల్లగా నుండును. మూడవది విత్తనము. జొన్న, సజ్జ, రాగి మంచి మేత. కాని విత్తనశుద్ధి చేసిన రంగు గింజలు విషము, ఒక్కటియు వేయరాదు. మందు చల్లిన చేని ఆకును పెట్టరాదు. క్రింద పఱచు వరిగడ్డియు మందు తగులనిదై యుండవలయును. పంజరపు తీగల సందు పావు అంగుళమునకు మించరాదు. అంతకు మించినచో పిల్లలు జారిపోవును, పాము దూరును.

ఇంటివారి ఆరోగ్యము ముఖ్యము. ఎలుకల మూత్రము వలన వ్యాపించు జ్వర మొకటి కలదని సభ్యు లెఱుగుదురు. కావున పంజరమును ముట్టిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలయును. చేతికి గాయమున్నవారు శుభ్రపఱుపరాదు. గర్భిణీ స్త్రీలు వీనిని ముట్టకుండుట మంచిది. పసిపిల్లల చేతికి ఒంటరిగా ఇయ్యరాదు. వంటయింట పంజరము తగదు. ఇంటి యెలుకలు పంజరము చెంతకు రాకుండ రాలిన గింజలను ప్రతిదినము ఊడ్చివేయవలయును.

ఇచ్చట నొక ప్రశ్న రాకపోదు. “పొలములో తొంబదియాఱు పాళ్ళ నూకలకు రెండు పాళ్ళ నూనె, రెండు పాళ్ళ బ్రోమాడియోలోన్ కలిపి ఎర పెట్టిన చేతితోనే ఇంట ఎలుకకు మేత పెట్టుదుమా? ఇది వేషము కాదా?” అని. కాదని మేము తలంచుచున్నాము. పంటను కాపాడుకొనుట రైతు హక్కు. దానికై ఎర పెట్టుట తప్పు కాదు. మన దొడ్డిలో ఆవును పోషించుచునే చేనబడిన అడవిపందిని తోలుచున్నాము గదా! ఏది మనపై వచ్చిపడినది, ఏది మనము కోరి తెచ్చుకొన్నది అను భేదమే ధర్మమునకు ఆధారము. తెచ్చుకొన్న దానికి మనము పూచీదారులము. పంటను కాపాడుటలోను క్రౌర్యము అవసరము లేదు. ఎలుకను రోజుల తరబడి అతికించి చంపు జిగురు అట్టలను మాన్పింపవలసినదని భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రములకు సూచించినది. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అను సామెతలోని పిల్లి పాత్ర మనుష్యునకు తగదు. ఎర మందును, పెంపుడు ప్రాణి మేతను వేర్వేఱు గదులలో నుంచుటయు, ఎర ముట్టిన చేతిని కడుగుకొనక పంజరమును తాకకుండుటయు మాత్రము మఱవరాదు.

జీవకారుణ్యము మన ప్రాంతమునకు క్రొత్తమాట కాదు. జగ్గయ్యపేట ధనంబోడుపైని బౌద్ధస్తూపము దానికి సాక్షి. ప్రతి సంవత్సరము వినాయకచవితి నాడు మట్టి విగ్రహము పాదములచెంత మట్టి యెలుకను నిలిపి, దానియెదుటనే ఉండ్రాళ్ళు పెట్టుచున్నాము. మట్టి యెలుకకు చూపు మన్ననలో వీసమెత్తు ప్రాణమున్న దానికి చూపుట గొప్ప కాదు.

అయితే అందఱును చేరదీయవలయునని మేము చెప్పుట లేదు. ఇంట పిల్లి యున్నవారు, కోతల కాలమున ఇల్లు తాళము వేసి పోవువారు, వాసనకు ఓర్వలేనివారు ఒప్పుకొనకుండుటయే మేలు. కాదనుటలో పాపము లేదు. చిట్టెలుక ఆయువు ఇంచుమించు రెండేండ్లు. స్థిరమైన యిల్లు దొరకనిచో ఆ రెండేండ్లును మనయింటనే గడచును. అప్పు తీసికొనునపుడు గడువు చూచుకొనునట్లే, దీనిని తీసికొనునపుడును గడువు చూచుకొనవలయును. పిల్లవాడు దుకాణమువద్ద మారాము చేసినపుడే “దీనిని రెండేండ్లు సాకగలమా?” యని తండ్రి యొక్కమాట యోచించినచో, చేరదీయవలసిన యవసరమే చాలవఱకు తప్పును. అట్లు తప్పనిదానికి మాత్రము, రెండేసి చొప్పున పంచుకొను పది యిండ్లు ప్రతి గ్రామమునను ఉండవలయునని మా కోరిక.