ఫోన్‌లో పీకేస్తే ఉద్యోగం పోయినట్టేనా?

2019 అక్టోబర్ యాదికుందా? ఆర్టీసీ సమ్మె మొదలైన మర్నాడే ముఖ్యమంత్రి కేసీఆర్, గడువులోగా డ్యూటీకి రాని దాదాపు 48,000 మంది 'సెల్ఫ్ డిస్మిస్' అయ్యారన్నారు. నోటీసు లేదు, ఎంక్వైరీ లేదు. సమ్మెలో ఉన్న మనిషి తనను తాను ఎట్ల తీసేసుకుంటడు? వారం తిరిగేసరికి ఖమ్మం డిపో డ్రైవర్ ఒకాయన ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. చివరికి నవంబర్ 29న ఆ కార్మికులే మళ్లీ డ్యూటీ ఎక్కారు.

సుప్రీంకోర్టు ఈ సంగతి 1993లోనే డి.కె. యాదవ్ కేసులో తేల్చింది. ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని కంపెనీ రూలు చూపింది. కార్మికుడి మాట వినకుండా, విచారణ జరపకుండా తీసేయడం చెల్లదని, బతుకుతెరువు 21వ అధికరణ కిందికే వస్తుందని కోర్టు చెప్పింది.

మన ఏజెన్సీలో దీనికి ప్రెస్‌మీట్ కూడా అక్కర్లేదు. హాస్టల్‌లో వంట చేసే అక్కకు, ఔట్‌సోర్సింగ్ తమ్ముడికి ఒక్క ఫోన్: "రేపట్నుంచి రావొద్దు." తప్పు చేసినా తీసెయ్యొద్దని నేననట్లే. ఆ తప్పేందో కాగితం మీద రాసియ్యాలె, జవాబు వినాలె.

అట్లాంటి ఫోనొస్తే ఇంట్ల కూసోకండి. మర్నాడు కూడా డ్యూటీకి పోండి. రానియ్యకపోతే అదే మాట తేదీ వేసి రాసి స్పీడ్ పోస్టులో పంపండి, రశీదు దాచుకోండి. లేకుంటే రేపు వాళ్లే "తనే మానేసిండు" అంటరు.