ఈ పంద్రా ఆగస్టుకు పాట మన నోట రావాలె

పంద్రా ఆగస్టు దగ్గర పడుతున్నది. మన షోలాపూర్ పేటల్లో మండళ్ల పిల్లలు చందాలకు బయలుదేరారు. జెండా కర్రకు రంగు, పిల్లలకు జిలేబీ, సాయంత్రం డీజే, అన్నిటికీ లెక్క రాసుకుంటున్నారు. పొద్దున పాట ఎవరు పాడుతారని అడిగితే మాత్రం "డీజే ఉన్నది కదా కాకా, అదే పాడుతది" అంటున్నారు. ఈ నెల ఆ మాట మీదనే నాలుగు ముక్కలు రాస్తాను.

డీజే పాడితే మనం వినేవాళ్లమే అవుతాం. జెండా పాట మాత్రం జనం నోట పాడడానికి పుట్టింది. స్వాతంత్ర్యం కోసం కొట్లాడిన కాలంలో తెల్లారకముందే ప్రభాత్ ఫేరీలు గల్లీ గల్లీ తిరిగేవి. ముందు ఒకరు అందుకుంటే వెనక పదిమంది పలికేవారు. పత్రిక చదవడం రాని మనిషికి కూడా సంగతి పాటలో తెలిసేది. పాటకు కాగితం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పోలీసులు కాగితాలు గుంజుకుపోవచ్చు గాని, నోట్లో ఉన్న పాటను ఎట్లా గుంజుకుపోతారు? అందుకే దొరలు పాటకు భయపడ్డారు.

శ్రీకాకుళం వైపు పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ గారి సంగతే చూడండి. సహాయ నిరాకరణ రోజుల్లో ఆయన 'మా కొద్దీ తెల్లదొరతనము' అనే పాట కట్టి ఊరూరా పాడారు. జనం నోట్లో అది నిలిచిపోయింది. దాని కోసం సర్కారు ఆయనను జైల్లో పెట్టింది. బయటికి వచ్చాక మళ్లీ పాడారు, మళ్లీ జైలుకు పోయారు. స్వరాజ్యం కళ్లారా చూశారు గాని, చివరి రోజులు మద్రాసులో పేదరికంలోనే గడిచాయి. 1952లో పోయారు. పాటకు అంత ధర కట్టిన మనిషి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

మన షోలాపూర్ కూడా తక్కువ ధర కట్టలేదు. 1930 మే నెలలో గాంధీజీని పట్టుకుపోయారని తెలియగానే మిల్లు కార్మికులు పని విడిచి రోడ్డు మీదికి వచ్చారు. సర్కారు మార్షల్ లా పెట్టింది. గాంధీ టోపీ పెట్టినా, జెండా పట్టినా నేరమే అయింది. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ షిండే, ఖుర్బాన్ హుస్సేన్, ఈ నలుగురినీ ఎరవాడ జైల్లో ఉరి తీశారు. చార్ హుతాత్మా పుతళా ముందు నుంచి రోజూ పోతూ వస్తూ ఉంటాం. ఆ నాలుగు పేర్లు ఇంట్లో పిల్లలకు ఒకసారి చెప్పండి.

ఇక జనగణమన. రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన ఈ పాటను మొదట 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. 1919లో ఠాగూర్ మన మదనపల్లెకు వచ్చి, అక్కడి కాలేజీలో ఉన్నప్పుడు దాన్ని స్వయంగా ఇంగ్లీషులోకి మార్చారు. 1950 జనవరి 24న అది జాతీయ గీతమైంది. మొత్తం పాడితే 52 సెకండ్లు పడుతుంది. రికార్డు పెడితే పిల్లల పెదవులు కదులుతాయి గాని గొంతు లేవదు. రికార్డు ఆపి చూడండి, రెండో ఏడాదికి గల్లీ అంతా పలుకుతుంది.

మన పిల్లలకు జనగణమన వస్తుంది. బడిలో మహారాష్ట్ర రాష్ట్ర గీతం 'జయ జయ మహారాష్ట్ర మాఝా' నేర్చుకుంటున్నారు. మంచిదే, ఈ నేల తిండి తింటున్నాం. కాని అమ్మ భాషలో ఒక్క దేశం పాట కూడా రాకపోతే ఎట్లా? గురజాడ అప్పారావు గారి దేశభక్తి గేయం ఉన్నది. చిన్న చిన్న మాటలు, అడుగు వేస్తూ పాడుకునే నడక. అందులో ఆయన నేల కంటే మనుషులకు పెద్దపీట వేశారు. ఒళ్లు వంచి పని చేయమన్నారు, మన చేతి సరుకు దేశాలకు పోవాలన్నారు. సాంచాల మీద టవళ్లు, చాదర్లు నేసే మనకు ఇంతకంటే దగ్గరి పాట ఏది?

నేర్పడం కష్టం కాదు. సాయంత్రం పావుగంట చాలు. అమ్మలు బీడీలు చుట్టుకుంటూనే నేర్పవచ్చు. తెలుగు అక్షరాలు రాని పిల్లలకు నాగరి లిపిలో రాసి ఇవ్వండి, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ముందు పాట నోటికి రానివ్వండి, అక్షరం తర్వాత వస్తుంది. గల్లీలో ఈ పాట వచ్చిన ముసలమ్మ ఎవరైనా ఉంటే, ఆమెనే ముందు కూర్చోబెట్టండి. అట్లాంటి వాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

"డీజే లేకుంటే పోరగాళ్లు రారు" అంటారా? సాయంత్రం మీ ఇష్టం. పొద్దున జెండా ఎక్కే గంట మాత్రం పెట్టెలు బంద్ చేయండి. ఏడు గంటలకు పిల్లలు గల్లీ చుట్టూ ఒక ఫేరీ తిరగాలె, మనం గుమ్మాల్లో నిలబడి గొంతు కలపాలె. సుతి తప్పినా సరే, మిల్లు భోంగా సుతిలో మోగిందా ఎప్పుడైనా? అది మోగితే ఊరంతా లేచింది.